కాలనీలో సోలార్, కరెంటు పొదుపు బృందం: ముందు ఏది, తర్వాత ఏది?

గోదారిగట్టు · రాజమహేంద్రవరం

మా కాలనీలో 64 ఇళ్లు, వాటికి ఆనుకుని రెండు అపార్ట్‌మెంట్లు. 22 ఇళ్లవాళ్లు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. అనుకుంటున్న పనులు మూడు: అందరూ కలిసి సోలార్ పెట్టించుకోవడం, పాత ఫ్యాన్లు మార్చడం, అపార్ట్‌మెంట్ల మోటారు ఖర్చు తగ్గించడం. ఏ వరసలో చేయాలి, ఎక్కడ దెబ్బ తింటాం అనేది తెలిసినవాళ్లు చెప్పండి. అంకెలు కావాలండి, భూతాపం మీద ఉపన్యాసాలు వద్దు.

---

మీటరుమామయ్య · విజయవాడ

మీరు రాసిన వరసే తలకిందులుగా ఉందండి. సోలార్ చివర పెట్టండి. ఎందుకో మీ టారిఫ్‌తోనే చూపిస్తాను.

ఆంధ్రలో 2025-26 గృహ టారిఫ్ ఇది. నెలకు మొదటి 30 యూనిట్లు 1.90, అక్కడినుంచి 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఒక్కో మెట్టుకి దాని రేటే పడుతుంది. 300 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు చార్జీ 1,673 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు వేరు. అదే ఇల్లు 225కి దిగితే 1,017. పావు వంతు వాడకం తగ్గితే చార్జీ దాదాపు 40 శాతం పడిపోయింది. పొదుపు చేసిన ప్రతి యూనిట్ పై మెట్టు నుంచే పోతుంది కాబట్టి.

ఇప్పుడు సోలార్ వైపు నుంచి చూడండి. 300 యూనిట్ల ఇంటికి 2 కిలోవాట్లు పెడితే నెలకు సగటున 240 యూనిట్లు వస్తాయి. మిగిలేది 60. దానికి చార్జీ 147 రూపాయలు. అంటే 3వ కిలోవాట్ పెడితే మహా అయితే ఆ 147 రూపాయలు, మిగులుకి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే కొద్దిపాటి ధర. కేంద్ర సబ్సిడీ కూడా మొదటి రెండు కిలోవాట్లకి 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలే. అమ్మేవాడు మాత్రం అందరికీ 3 కిలోవాట్లే చెబుతాడు.

అందుకని ముందు ప్రతి ఇంటి 12 నెలల బిల్లులు తీయండి. ఒక్క మే నెల బిల్లు చూసి సైజు తేల్చకండి. ఏసీ వాడకం, పండగలు, ఊరెళ్లిన నెలలు అన్నీ ఆ పన్నెండింట్లో ఉంటాయి.

---

ఓరుగల్లు_వైరింగ్ · హనుమకొండ

మామయ్య చెప్పింది ఆంధ్ర లెక్క. మా దిక్కు చదివెటోళ్ల కోసం ఒక మాట. తెలంగాణల 200 దగ్గర పెద్ద గుంత ఉంటది. 200 యూనిట్ల దాకా అయితే మొదటి 100కు 3.40, తర్వాతి 100కు 4.80, మొత్తం 820. 201 అయిందా, మొదటి 200కు 5.10 పడుతది, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు అన్నట్టు.

గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) ఉన్నోళ్లకైతే ఇంకా గట్టి దెబ్బ. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టుడే. కాబట్టి మా కాలనీలల్ల బృందం పని మొదలు పెట్టాల్సింది 190 నుంచి 260 మధ్యల ఊగే ఇండ్ల కాడ. రెండు ఫ్యాన్లు మార్చి, గీజర్ ఒక్కటి సదురుకుంటే ఆ ఇండ్లు గుంత దాటి ఇవతలికి వస్తయి. సోలార్ అవసరమే పడకపోవచ్చు.

---

గోదారిగట్టు · రాజమహేంద్రవరం

బిల్లుల పని ఈ వారమే మొదలుపెడతాం. ఇంట్లో ఏది ఎంత తాగుతుందో తెలియడానికి ప్రతి ఇంటికీ ఎనర్జీ మీటర్ కొనాలా?

---

మీటరుమామయ్య · విజయవాడ

కొనక్కర్లేదు. ఏసీ, గీజర్ ప్లగ్గుకి సరిపడే 16 ఆంపియర్ల ప్లగ్-ఇన్ వాట్‌మీటర్లు రెండు కొని బృందం దగ్గర ఉంచండి, ఇంటింటికీ తిరుగుతాయి. ఫ్రిజ్‌కి కనీసం 24 గంటలు పెట్టాలి. కంప్రెసర్ ఆగి నడుస్తుంది కాబట్టి పది నిమిషాల రీడింగ్ ఎందుకూ పనికిరాదు.

మిగతాదానికి డిస్కం మీటరే చాలు. దాని మీద ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో అంకె ఉంటుంది. చాలా మీటర్ల మీద 3,200. ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టి, 60,000తో గుణించి, 3,200తో భాగించండి. 16 మిణుకులైతే 300 వాట్లు. ఇంట్లో అన్నీ వేసి ఉంచి, ఒక్కొక్కటే ఆపుతూ లెక్కపెడితే ఒక్క గంటలో ఇంటి జాతకం వచ్చేస్తుంది.

అన్నీ ఆపినా మిణుకుతుంటే ముందు హోమ్ యూపీఎస్ ప్లగ్ తీసి చూడండి. పాతబడ్డ బ్యాటరీ చార్జ్ నిలుపుకోలేక రోజంతా తాగుతూనే ఉంటుంది. ఎడతెగకుండా 20 వాట్లు లాగినా నెలకు 14 యూనిట్లు. అదీ కాకపోతే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. అప్పుడు ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిందే, సొంత ప్రయోగాలు వద్దు.

---

పద్మజ_ఈఈఈ · గుంటూరు

ఫ్యాన్ల సంగతి నేను చెబుతాను. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 70 నుంచి 80 వాట్లు. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 28 నుంచి 35. తేడా 45 అనుకుందాం. రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 19 యూనిట్లు మిగులు. ఆ ఇల్లు 8.75 మెట్టులో ఉంటే 166 రూపాయలు, 4.50 మెట్టులో ఉంటే 85. ఫ్యాన్ 3,000 అనుకుంటే మొదటి ఇంట్లో ఏడాదిన్నరలో తేరుతుంది, రెండో ఇంట్లో మూడేళ్లు. రోజుకు రెండు గంటలు తిరిగే పూజగది ఫ్యాన్‌ని మార్చడం శుద్ధ దండగ. హాలు, పడకగది, పెద్దవాళ్ల గది, అంతే.

తప్పులు ఎక్కువగా జరిగేది బిగించేటప్పుడు. గోడ మీద పాత రెగ్యులేటర్‌ని సర్క్యూట్‌లో అలాగే వదిలేస్తారు. బీఎల్‌డీసీలో స్పీడు మార్చేది లోపలి డ్రైవర్ బోర్డు. రెగ్యులేటర్ ద్వారా వచ్చే కోసిన కరెంటుకి అది కీచుమంటుంది, లేదా తిరిగి తిరిగి ఆగుతుంది, చివరికి బోర్డు పోతుంది. రెగ్యులేటర్ తీసేసి వైరు నేరుగా కలపాలి. రెండో తప్పు, న్యూట్రల్ వదులుగా ఉన్న ఇళ్లలో పెట్టడం. వోల్టేజీ ఎగసినప్పుడు పాత ఫ్యాన్ తట్టుకుంటుంది, బోర్డు తట్టుకోదు. ముందు మెయిన్ స్విచ్ దగ్గర న్యూట్రల్ స్క్రూ బిగించాలి.

కలిసి కొనేటప్పుడు ధర ఒక్కటే బేరం ఆడకండి. డ్రైవర్ బోర్డుకి వారంటీ ఎంత, మీ ఊళ్లో బోర్డు దొరుకుతుందా, రిమోట్ పోతే విడిగా ఇస్తారా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి, లేబుల్ లేని సరుకు ముట్టుకోకండి. లేబుల్ మీద వాట్లతో పాటు గాలి పరిమాణం కూడా ఉంటుంది. 28 వాట్లని మురిసిపోయి గాలి రాని ఫ్యాన్ కొంటే పక్కన టేబుల్ ఫ్యాన్ వేసుకుంటారు, పొదుపు కాస్తా పోతుంది.

---

కరక్కాయ · నెల్లూరు

గీజర్, ఏసీ గురించి కూడా ఒక ముక్క చెబుదురూ.

---

పద్మజ_ఈఈఈ · గుంటూరు

25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి చేరాలంటే ఒక యూనిట్. అదే నీళ్లు 50 డిగ్రీల దగ్గర ఆపితే 0.7. ఎలాగూ చల్లనీళ్లు కలుపుకునే పోసుకుంటారు కదా, థర్మోస్టాట్ 50లో పెట్టండి. స్నానానికి పావుగంట ముందు వేసి, తర్వాత ఆపేయాలి. ఉప్పునీళ్ల బోరుంటే ఎలిమెంట్ మీద సున్నం పేరుకుంటుంది, రెండేళ్లకోసారి తీసి గీకించాలి.

ఏసీకి 24 డిగ్రీలు, దాంతో పాటు ఫ్యాన్ ఒకటి మీద. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం మిగులని బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) లెక్క. ఫిల్టరు నెలకోసారి కడగాలి. దీనికి బృందం అక్కర్లేదు, ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఒప్పుకుంటే చాలు.

---

పంపుసెట్టు · భీమవరం

అపార్ట్‌మెంట్ మోటారు గురించి ఎవరూ ఎత్తలేదు. అసలు డబ్బు అక్కడే కారిపోతుంటుంది.

వెయ్యి లీటర్లు 30 మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి సిద్ధాంతం ప్రకారం 0.08 యూనిట్ చాలు. మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యం అనుకుంటే 0.2. నీటిమట్టం 60 మీటర్ల లోతులో ఉన్న బోరు నుంచి 20 మీటర్ల పైనున్న ట్యాంకుకైతే 80 మీటర్లు, 0.55 యూనిట్. మీ లెక్క తీసేది ఇలా: ట్యాంకు ఖాళీ అవనిచ్చి, కింద గేట్ వాల్వు కట్టేసి, మోటారు వేసే ముందు కామన్ మీటరు రీడింగ్ రాసుకోండి. నిండాక మళ్లీ రాసుకోండి. ఆ సేపు లిఫ్టు ఆపాలి. యూనిట్లను ట్యాంకు కిలోలీటర్లతో భాగించండి. మీ ఎత్తుకి పై లెక్కలో వచ్చే అంకెకి రెట్టింపు వస్తే రోగం ఉన్నట్టే.

రోగాలు సాధారణంగా నాలుగు. ఫుట్‌వాల్వు లేదా నాన్ రిటర్న్ వాల్వు పట్టుకోక, ఆపగానే నీళ్లు వెనక్కి జారిపోవడం. కాలమ్ పైపు జాయింట్ దగ్గర బోరులోపలే లీకు, ఇది పైకి కనబడదు. ఇసుకకి ఇంపెల్లర్ అరిగిపోవడం. నాలుగోది, నీళ్లు తగ్గాయని 5 హెచ్‌పీ తీసి 7.5 దింపడం. బోరులో ఊట లేనప్పుడు పెద్ద మోటారు గాలి లాగుతుంది, కరెంటు దండగవుతుంది.

వీటన్నిటికంటే ముందు ట్యాంకుకి ఫ్లోట్ పెట్టి ఆటోమేటిక్ కంట్రోలర్ వేయించండి. వాచ్‌మన్ నిద్రపోతే డ్రైనేజీలోకి పోయేది నీళ్లే కాదు.

---

నీడలెక్క · విశాఖపట్నం

ఇక సోలార్. డాబా మీదికి ఎక్కకుండా కొటేషన్ అడగొద్దు. ఒక కిలోవాట్‌కి నీడలేని జాగా సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. ఇప్పుడొస్తున్న 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి దాదాపు 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు, బరువు 28 కిలోల పైమాటే. ఆరు పెడితే 3.24 కిలోవాట్లు.

నీడ చూడాల్సింది డిసెంబరులో. మన 17 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ప్యానెల్ మట్టం కంటే 2 మీటర్లు ఎత్తున్న ట్యాంకు నీడ మధ్యాహ్నం ఉత్తరానికి 1.7 మీటర్లు పడుతుంది, పొద్దున 9కి వాయవ్యంగా 3.4 మీటర్లు. జూన్‌లో ఎక్కి చూసి నీడే లేదనుకుంటే పొరపాటే. ఆ నెలలో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి కొంచెం ఉత్తరంగా ఉంటాడు.

ఒక ప్యానెల్ మూల మీద నీడ పడితే ఆ మూలదే కాదు, ఆ భాగమంతా బైపాస్ అయిపోతుంది. ప్యానెళ్లన్నీ వరసగా ఒకే తీగలో ఉంటాయి కదా. డిష్ యాంటెన్నా, బట్టలారేసే కడ్డీ, పక్కింటి కొబ్బరిమట్ట, ఇవి చాలు. దక్షిణం వైపు పక్కవాళ్లు ఇంకో అంతస్తు లేపే ఆలోచనలో ఉన్నారేమో కూడా అడగండి. మొహమాటం వద్దు, పాతికేళ్ల సంగతి.

వాలు 10 నుంచి 15 డిగ్రీలు చాలు. తూర్పు, పడమరలకి తిప్పి పెట్టినా కొద్దిగా తగ్గుతుందంతే, కొంప మునగదు.

---

కరక్కాయ · నెల్లూరు

మా వైపు తుపాన్లు. స్ట్రక్చర్ ఎగిరిపోతే?

---

నీడలెక్క · విశాఖపట్నం

2014 అక్టోబరు 12 హుద్‌హుద్ చూసిన ఊరు ఇది, ఆ ప్రశ్న అడగాల్సిందే. కట్టడాల మీద గాలి భారం చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖ, విజయవాడ, నెల్లూరులకి డిజైన్ గాలివేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. కొటేషన్‌లో ఈ అంకె రాయమనండి. హైదరాబాద్ డిజైన్ తెచ్చి తీరంలో నిలబెట్టేవాళ్లున్నారు.

గాలి ప్యానెల్‌ని కిందికి నొక్కడం కంటే పైకి లేపడం ప్రమాదం. కాళ్లని స్లాబుకి కెమికల్ యాంకర్లతో పట్టించాలి, లేదంటే బరువు లెక్కకట్టిన కాంక్రీటు దిమ్మెలు పోయాలి. దిమ్మె ఊరికే డాబా మీద పెట్టేసి వెళ్లిపోతే అది అలంకారం. డ్రిల్లు చేసిన ప్రతి చోటా వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, లేకపోతే మొదటి వానకే స్లాబు చెమ్మ. ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్డ్, జింక్ పూత 80 మైక్రాన్లు. బోల్టులు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు). వెండి రంగు వేసిన మామూలు ఇనుము ఉప్పుగాలికి రెండేళ్లు నిలవదు. కోసిన చోట, కన్నం వేసిన చోట పూత పోతుంది, అక్కడ జింక్ పెయింట్ వేశారో లేదో వంగి చూడండి.

కింద కూర్చోవడానికి వీలుంటుందని 10 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ ఇనుము, ఖర్చు, గాలి పట్టు మూడూ పెరుగుతాయి. మామూలు స్ట్రక్చర్ ధరకే ఎత్తుది ఇస్తానన్నవాడు సన్న పైపు వాడుతున్నాడని అర్థం.

---

డీసీ_కేబుల్ · కర్నూలు

కొటేషన్లు పోల్చేటప్పుడు చివరి అంకె చూడొద్దు. 22 ఇళ్లు కాబట్టి మీరే ఒక పట్టిక తయారుచేసి అందరు వెండర్లకీ అదే ఇవ్వండి, వాళ్ల ఫార్మాట్ తీసుకోకండి. ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు. డీసీఆర్ అవునా కాదా. ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంటి ఏసీ కరెంటుగా మార్చేది, హోమ్ యూపీఎస్ కాదు) మోడల్, వారంటీ ఏళ్లు. డీసీ కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్లు, ఎండకి తట్టుకునే సోలార్ కేబులే. ఏసీ కేబుల్ సైజు, పొడవు. డీసీ, ఏసీ డబ్బాల్లో ఎస్‌పీడీలు (వోల్టేజీ ఒక్కసారిగా ఎగస్తే కాపాడేవి). ఎర్తింగ్ గుంతలు మూడు: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి వేర్వేరుగా. నెట్ మీటరు (తీసుకున్న, పంపిన కరెంటు రెండూ కొలిచేది) ఖర్చు ఎవరిది. 5 ఏళ్ల నిర్వహణ. జీఎస్టీ కలిపా, విడిగానా.

జీఎస్టీ మీద ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సరుకు 70, పని 30 పాళ్లలో లెక్క కాబట్టి మొత్తం మీద 8.9 శాతం పడుతుంది. పాత 13.8తో కొటేషన్ ఇస్తే వెనక్కి పంపండి.

డీసీఆర్ అంటే సెల్లు, ప్యానెల్ రెండూ ఇక్కడ తయారైనవి. ఇంటి సబ్సిడీకి ఇది తప్పనిసరి. సరుకు దిగిన రోజే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు ఫోటో తీయండి. పైకెక్కించాక వెనకవైపు కనబడదు.

బిగింపులో ముఖ్యంగా చూడాల్సింది ఎంసీ4 కనెక్టర్లు, అంటే ప్యానెల్ తీగలు కలిపే ప్లగ్గులు. ప్యానెల్‌కి వచ్చినది ఒక కంపెనీది, వెండర్ తెచ్చినది ఇంకోటి. చూడ్డానికి క్లిక్కుమని పడతాయి, లోపల పిన్ను సరిగా ఆనదు. 13 ఆంపియర్లు రోజూ పారితే వేడెక్కి కరుగుతాయి. సోలార్‌లో నిప్పు పుట్టే చోట్లలో ఇది ముందుంటుంది. క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి, కటింగ్ ప్లయర్‌తో కాదు. కనెక్టర్లు స్లాబు మీద పడి ఉండకూడదు, నీళ్లు నిలుస్తాయి. స్ట్రక్చర్‌కి కట్టాలి. వానాకాలం పొద్దున్నే ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఎర్రర్ చూపించి, ఎండెక్కాక పదింటికి తనే మొదలైతే తడిసిన కనెక్టరో, ఒరుసుకుపోయిన కేబులో ఉన్నట్టు.

---

లైన్‌లాస్ · తిరుపతి

ఒకే కాలనీలో 22 సోలార్లు అంటున్నారు కాబట్టి ఇంకెవరూ చెప్పనిది చెబుతాను. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు అందరూ ఒకేసారి లైనులోకి పంపిస్తారు. అప్పుడు వోల్టేజీ పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివరున్న ఇళ్లలో ఎక్కువ పెరుగుతుంది. పరిమితి దాటగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది, కాసేపాగి మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఎండ బాగా కాసే వేళలోనే ఉత్పత్తి పోతుంది. ఇంటివాళ్లకి తెలియను కూడా తెలియదు.

చేయాల్సినవి రెండు. మొదటిది మీ చేతిలోనిది. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా ఏసీ కేబుల్ లావుగా వేయించండి. 3 కిలోవాట్లకి 13 ఆంపియర్లు. 40 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే 7.7 వోల్టులు దానిలోనే పెరుగుతుంది. 6 వేస్తే 3.2, 10 వేస్తే 1.9. లైనులో ఇప్పటికే 246 ఉన్న చోట ఈ తేడాయే గీత దాటిస్తుంది. రెండోది డిస్కంతో. సింగిల్ ఫేజ్ ఇళ్లు ఏవి ఏ ఫేజ్ మీద ఉన్నాయో లైన్‌మన్‌తో కలిసి ఒక కాగితం మీద గీయండి. 22లో 15 ఒకే ఫేజ్ మీద ఉండటం మామూలే. ఏఈకి (డిస్కం అసిస్టెంట్ ఇంజనీరుకి) రాతపూర్వకంగా ఇచ్చి ఫేజులు సమంగా పంచమని అడగాలి. ఒక్క ఇల్లు అడిగితే పక్కన పెడతారు, 22 సర్వీస్ నంబర్లతో లేఖ వెళ్తే కదులుతుంది. బృందం ఉన్నందుకు అసలు లాభం నాకు తెలిసి ఇదే. చౌక ధర తర్వాతి మాట.

---

గోదారిగట్టు · రాజమహేంద్రవరం

ఈ ఫేజుల సంగతి మాకు తట్టనే లేదు, మంచి మాట చెప్పారు. సబ్సిడీ దరఖాస్తులు బృందం తరఫున పెట్టొచ్చా? అపార్ట్‌మెంట్‌కి ఎలా?

---

ఫైలు_కదిలింది · కాకినాడ

ఇంటి సబ్సిడీ ఇంటివారి పేరునే. పీఎం సూర్యఘర్ (కేంద్ర సోలార్ సబ్సిడీ పథకం) పోర్టల్లో సర్వీస్ నంబరుతో నమోదు, దరఖాస్తు, నమోదైన వెండర్ ఎంపిక, బిగింపు, నెట్ మీటరు, తనిఖీ, తర్వాత బ్యాంకు వివరాలు. 2 కిలోవాట్లకి 60 వేలు, 3 ఆపైన ఎంతైనా 78 వేలే.

ఎక్కువ ఆగేది పేరు దగ్గర. కరెంటు బిల్లు ఇంకా చనిపోయిన తండ్రిగారి పేరున, దరఖాస్తు కొడుకు పేరున, బ్యాంకు ఖాతా కోడలి పేరున. ముందు సర్వీస్ పేరు మార్పించండి. ఇది 12 నెలల బిల్లులు తీసేటప్పుడే చూసుకుంటే నెలలు కలిసొస్తాయి. శాంక్షన్డ్ లోడ్ 1 కిలోవాటే ఉందని కంగారు పడొద్దు. 2024 ఫిబ్రవరి నాటి వినియోగదారుల హక్కుల సవరణ నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాధ్యత పరీక్ష లేకుండానే అంగీకరించినట్టు లెక్క, అవసరమైన లోడ్ పెంపు డిస్కం చేయాలి.

అపార్ట్‌మెంట్‌కి లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్ల కామన్ మీటరు మీద పెట్టుకోవచ్చు. సంఘానికి కిలోవాట్‌కి 18 వేలు, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన గరిష్టంగా 500 కిలోవాట్ల వరకు. డాబా ఉమ్మడి ఆస్తి కాబట్టి జనరల్ బాడీ తీర్మానం రాసి సంతకాలు చేయించండి. పై అంతస్తువాళ్లు నోటిమాటగా సరే అన్నారంటే చాలదు.

డబ్బు విషయంలో ఒక్కటి. బృందం ఖాతాలోకి ఎవరి డబ్బూ తీసుకోకండి. ప్రతి ఇల్లూ నేరుగా వెండర్‌కి, చెక్కో ఆన్‌లైనో. బృందం బేరమాడుతుంది, తనిఖీ చేస్తుంది, అంతవరకే. వెండర్ ఇచ్చే కమీషన్ ఒక్క రూపాయి తీసుకున్నా రేపు తప్పు చూపించే నోరు ఉండదు. చివరి 10 శాతం నెట్ మీటరు తిరిగాకే ఇచ్చేలా ఒప్పందం రాయించండి.

---

శ్రీకాకుళం_చిన్నోడు

కరెంటు పోయినప్పుడు సోలార్ ఉన్నా ఇల్లు చీకటేనంట కదా. అందరూ హైబ్రిడ్ (బ్యాటరీతో కూడా నడిచే సోలార్ ఇన్వర్టర్), లిథియం బ్యాటరీ పెట్టించుకోవడం మేలు కాదా?

---

డీసీ_కేబుల్ · కర్నూలు

చీకటే తమ్ముడూ. లైన్‌మన్ స్తంభం మీద ఉన్నప్పుడు ఇంటినుంచి కరెంటు వెళ్లకూడదు కాబట్టి గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ ఆగాలి. ఆగకపోతేనే ప్రమాదం.

బ్యాటరీకి సబ్సిడీ లేదు. రోజుకు గంట, రెండు గంటల కోతకి ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ హోమ్ యూపీఎస్ సరిపోతుంది. ఫ్యాన్లు బీఎల్‌డీసీకి మార్చాక అదే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది. నాలుగైదు గంటలు పోయే చోట, ఆక్సిజన్ యంత్రంలాంటివి ఉన్న ఇంట్లో హైబ్రిడ్ పెట్టుకోండి. ఒక్క హెచ్చరిక: సోలార్ ఇన్వర్టర్ తీగని హోమ్ యూపీఎస్ అవుట్‌పుట్ వైపు కలపనివ్వకండి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్‌నే గ్రిడ్ అనుకుని సోలార్ దానిలోకి తోస్తుంది, యూపీఎస్ కాలిపోతుంది. మెయిన్ బోర్డు దగ్గరే కలపాలి.

---

ఓరుగల్లు_వైరింగ్ · హనుమకొండ

కోతుల ముచ్చట ఎవ్వరు తీయలేదు. మా దిక్కు అదే పెద్ద పంచాయితీ. ప్యానెల్ మీద దుంకుతయి, అద్దం పలగకపోయినా లోపల సెల్లు చిట్లుతది, ఏడాది తర్వాత ఆ ప్యానెల్ వేడెక్కుడు షురూ అయితది. వేలాడే కేబుల్ దొరికితే గుంజి ఆడుకుంటయి. కేబుల్ మొత్తం పైపులనే పోవాలె, యాడ కూడ లూపు వేలాడొద్దు. ప్యానెళ్ల కింద సందులకు పోకుండ పక్కలకు జాలి కొట్టియ్యున్రి. జాలి నీడ ప్యానెల్ మీద పడకుండ, కింది అంచుకంటె తక్కువ ఎత్తుల ఉండాలె.

కడుగుడు పొద్దున ఏడు లోపల్నే. మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చల్లనీళ్లు కొట్టొద్దు. మెత్తటి వైపరు, ఉత్త నీళ్లు, సబ్బు పొడి వద్దు. ఉప్పు బోరునీళ్లు ఆరినంక తెల్లటి పొర కడతది, అది మళ్ల పోదు. కొందరు ఆర్ఓ మెషిన్ నుంచి బయటికొచ్చే నీళ్లు పొదుపని వాడుతున్నరు. ఉప్పంత అండ్లనే ఉంటది గదా!

---

నీడలెక్క · విశాఖపట్నం

అన్నీ బిగించాక బృందం చేయగల మంచి పని నెలవారీ పోలిక. ప్రతి ఇల్లూ నెల మొదటి తారీఖున ఇన్వర్టర్ యాప్‌లో ఉత్పత్తి, మీటరులో దిగుమతి, ఎగుమతి మూడు అంకెలు పంపాలి. ఉత్పత్తిని ప్యానెల్ కిలోవాట్లతో, రోజులతో భాగించండి. ఏడాది సగటు 4 దగ్గర ఉండాలి. ఫిబ్రవరి, మార్చిల్లో ఎక్కువ, జులై, ఆగస్టుల్లో తక్కువ. మే నెలలో ఎండ మండిపోతున్నా అనుకున్నంత రాదు. సెల్లు 68 డిగ్రీలకి వేడెక్కితే 15 శాతం పోతుంది, 25 దాటిన ప్రతి డిగ్రీకి 0.35 చొప్పున. అది లోపం కాదు.

ఒకే వీధిలో పక్క ఇంటికి 4.1, మీకు 3.0 అయితే అది లోపం. ముందు ఇన్వర్టర్‌లో ఎర్రర్ల చిట్టా తెరవండి, గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ వరసగా ఉంటే లైన్‌లాస్ గారు చెప్పిన రోగం. చిట్టా శుభ్రంగా ఉంటే డాబా ఎక్కి దుమ్ము, నీడ. అవీ లేకపోతే వెండర్‌ని పిలిచి స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్ల మొత్తం) వోల్టేజీ కొలిపించండి. ఆరు ప్యానెళ్లకి ఎండలో 270 చుట్టూ ఉండాలి. 45 తగ్గిందంటే ఒక ప్యానెల్ లెక్కలో లేనట్టే. ఒంటరి ఇంటికి ఈ పోలిక దొరకదు, ఏడాదంతా తక్కువొస్తున్నా ఇంతేననుకుంటారు.

---

గోదారిగట్టు · రాజమహేంద్రవరం

పట్టిక గడులు ఇలా పెడుతున్నాం, చూడండి: ఇంటి నంబరు, ఫేజ్, ఇన్వర్టర్ కిలోవాట్లు, నెల ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, ఉత్పత్తి ÷ ఇన్వర్టర్ కిలోవాట్లు ÷ రోజులు, ఎర్రర్ల సంఖ్య, కడిగిన తేదీ. ఫేజ్ గీత ఆదివారం లైన్‌మన్ వస్తానన్నాడు.

---

నీడలెక్క · విశాఖపట్నం

ఇన్వర్టర్ కిలోవాట్లతో భాగించకండి, ప్యానెళ్ల మొత్తం వాట్లతో. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ మీద ఒకరికి 3.24, ఇంకొకరికి 3.78 ఉండొచ్చు, అప్పుడు రెండో ఇల్లు ఊరికే గొప్పగా కనబడుతుంది. ఇన్వర్టర్ సైజు గడి కూడా ఉంచండి, సబ్సిడీకి రెండింట్లో తక్కువదే లెక్క. కడిగిన తేదీ పక్కన ఏ నీళ్లో కూడా రాయించండి.

---

లైన్‌లాస్ · తిరుపతి

ఇంకో గడి: మధ్యాహ్నం ఒంటిగంటకి ఇన్వర్టర్ తెర మీద ఏసీ వోల్టేజీ. నెలకి ఒక్కసారి, అందరూ అదే రోజు, అదే నిమిషం. ఫేజ్ గీత పక్కన పెట్టి చూస్తే ఏఈకి లేఖలో ఏం రాయాలో అదే చెబుతుంది.